మోకు మీద కూర్చున్న మనిషి

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. నర్సంపేట దిక్కు మీ ఊళ్లో పద్దెనిమిది మంది ముసలివాళ్ల ముచ్చట్లు ఫోన్‌లో రికార్డు చేశానని, వాటితో కథలు రాయాలో పుస్తకం వేయాలో తేలడం లేదని రాశావు. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. ఆ రికార్డులు ఇంకా ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయా? ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వాటిని ఇంకో రెండు చోట్లకు ఎక్కించు. ఒకటి లాప్‌టాప్, ఇంకొకటి హార్డ్ డిస్క్. ఆ డిస్క్ మీ ఇంట్లో వద్దు, దోస్తు ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో పెట్టు. వాట్సాప్‌లో ఎవరికో పంపాను కదా అని ఊరుకోకు. ఫోన్‌లో రికార్డయిన అసలు ఫైలునే కాపీ చేసుకో.

ఇంత తొందర పెట్టడానికి కారణం ఉంది. 1980ల చివర్లో, నీ వయసులో, నేనూ ఒక టేప్ రికార్డర్ అడిగి తెచ్చుకుని సైకిల్ మీద పరకాల దిక్కు ఊళ్లు తిరిగాను. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద నిజాం బలగాలు కాల్పులు జరిపాయి కదా, అది కళ్లారా చూసినవాళ్ల మాట పట్టుకోవాలని నా ఆరాటం. ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి గురించి చెప్పారు. వెళ్లి అడిగితే ఆయన, "ఆ దినం నేను పోలె. మోట కాడ ఉన్న" అన్నాడు. అంతే. నాకు ప్రాణం ఉసూరుమంది. ఊరికే లేచి రావడం బాగుండదని, ఎద్దులతో బావి నీళ్లు తోడే ఆ మోట ఎట్లా కొట్టేవాళ్లని అడిగాను. ఇక ఆయన ఆగలేదు. అరవై నిమిషాల కాసెట్ రెండు వైపులా నిండింది.

ఆ కాసెట్ మీద నేను పేరు రాయలేదు. వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. అవీ విరవలేదు. మా ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు ఎవరో దాన్ని ఖాళీ కాసెట్ అనుకుని అప్పగింతల పాటలు రికార్డు చేశారు. నాకు తెలిసేసరికి ఆ పెద్దమనిషి పోయి ఏడాది దాటింది. రెండో వైపు చివర పదకొండు నిమిషాలు మాత్రం మిగిలాయి.

ఆ పదకొండు నిమిషాల్లో ఏముందో చెప్తాను. ఎద్దులు బావి నుంచి వాలు దారిలో కిందికి దిగుతుంటే బొక్కెన పైకి వస్తుంది. దిగేటప్పుడు మోటగాడు మోకు మీద, అంటే బొక్కెనను లాగే లావు తాడు మీద కూర్చుంటాడు. తన బరువు కూడా లాగుడుకు కలుస్తుంది. బొక్కెనకుండే తోలు తొండం నుంచి నీళ్లు కాలువలోకి పడ్డాక ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తూ మళ్లీ బావి దగ్గరికి ఎక్కాలి. "ఎనుకకు నడిపిచ్చుడే అసలు పని. కొడితె నడువయి. పాట పాడాలె" అంటాడాయన. పాడాడు కూడా. రెండు చరణాలయ్యాక దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక గిరక చప్పుడు నోటితో చేసి చూపించాడు. కొత్త గిరక ఎట్లా మోగుతుందో, అరిగిపోయింది ఎట్లా మోగుతుందో, రెండూ. రాత్రిపూట మంచంలో పడుకుని ఆ చప్పుడును బట్టి ఎవరి బావి నడుస్తున్నదో గుర్తు పట్టేవాళ్లట. కరెంటు మోటార్లు వచ్చాక ఆ చప్పుడు మన పల్లెల్లో లేకుండా పోయింది. పరకాల గురించి రాసినవాళ్లు ఉన్నారు. ఆ గిరక చప్పుడు నాకు తెలిసి ఆ కాసెట్‌లో తప్ప ఎక్కడా లేదు.

అందుకే మళ్లీ వెళ్లినప్పుడు "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని అడగకు. అట్లా అడిగితే ముసలివాళ్లు బడి పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలని చూస్తారు, మాట బిగుసుకుపోతుంది. చేతులతో చేసిన పని అడుగు. 1972 కరువులో పొయ్యి మీద ఏం పెట్టారని అడుగు. గట్క దేనితో చేశారు, ఎవరు ముందు తిన్నారు, ఎవరు తినకుండా లేచారు? చెరువు తూము ఎత్తే నీరటికి పంట మీద ఎంత ఇచ్చేవాళ్లు? కైకిలికి, అంటే కూలికి పోయిన ఆడవాళ్లకు పైసలిచ్చారా, గింజలు కొలిచారా, ఏ మానికతో కొలిచారు? ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు కొడుకులు, మొగుళ్లు పక్కన లేకుండా చూసుకో. వాళ్లుంటే జవాబు వాళ్లే చెప్తారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు వాళ్ల నోటి మాటగానే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. ఇంకో ఇంటికి పోయేముందు అది చదువు.

సంవత్సరాలు అడిగితే చాలామందికి చెప్పరాదు. పోలీస్ యాక్షన్‌కు ముందా వెనకా, 69 తెలంగాణ ఉద్యమం లొల్లికి ముందా, ఊరి అధికారులైన పటేల్ పట్వారీలు పోయిన 1984కు ముందా అని అడిగితే టకటకా చెప్తారు. తప్పు చెప్తే వాళ్ల మాట దిద్దకు. వాళ్లన్నది అన్నట్టే ఉంచి, నీకు తెలిసింది పక్కన విడిగా రాసుకో.

రికార్డింగ్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఫ్యాన్ బంద్ చేయించు, టీవీ బంద్ చేయించు, ఫోన్ కింద మడిచిన తువ్వాల పెట్టు. మొదట నీ గొంతుతోనే తారీకు, ఊరు, మనిషి పేరు చెప్పు. కోడి కూసినా, పక్కింట్లో రోకటి పోటు వినపడినా తీసేయకు. అది కూడా ఆ ఊరే.

ఇక అసలు కష్టం రాసుకోవడం. గంట మాటను కాగితం మీద పెట్టడానికి నాకు ఆరేడు గంటలు పట్టేది. ఆ విసుగులోనే మనం వాళ్ల మాటను మన మాటగా మార్చేస్తాం. వాళ్లు ఎవుసం అంటే వ్యవసాయం అని రాస్తాం, గత్తర అంటే కలరా అని రాస్తాం. అట్లా చేయకు బిడ్డా. గత్తర అన్నప్పుడు ఆ ముసలమ్మ గొంతులో ఉన్న భయం కలరా అన్న మాటలో ఉండదు. మన ప్రజాకవి కాళోజీ ఈ వరంగల్‌లోనే ఉండి బతుకంతా జనం మాట కోసం కొట్లాడాడు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. నువ్వు రాసే ప్రతి పేజీలో ఆ మాట నిలబడాలి.

నువ్వు అడగలేదు కానీ, ఇంకొకటి చెప్పాలి. 1997-98లో మన జిల్లాలో పత్తి పోయింది. పురుగు ఏ మందుకూ లొంగలేదు, మందుల దుకాణాల్లో అప్పులు పెరిగాయి, ఎంతోమంది రైతులు ఆ మందే తాగి చనిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకు అట్లా భర్తను పోగొట్టుకున్న ఒకామె దగ్గర కూర్చున్నాను. పావుగంట మాట్లాడి, "బంద్ చెయ్యి సారూ" అంది. చేశాను. లోపలికి వెళ్లి గాజులు దాచుకునే రేకు డబ్బా తెచ్చింది. అందులో దుకాణం చిట్టీలు, మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. "గివి రాసుకో. నా మాట పెట్టకు" అంది. తారీకు, మందు పేరు, బాకీ, ఒక్కొక్కటీ నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. ఆ పావుగంట టేపు ఇవాళ్టికీ ఎవరికీ వినిపించలేదు. నీ పద్దెనిమిది మందిలో అట్లాంటివాళ్లు ఎవరున్నారో నీకే తెలుసు. ప్రతి ఒక్కరి దగ్గరికీ మళ్లీ వెళ్లి, వాళ్ల రికార్డు వాళ్లకు వినిపించి, ఏది ఉంచాలో ఏది వద్దో అడుగు. భూమి తగాదాలు, శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి ఎవరు దున్నుకున్నారన్న మాటలు ఉన్నచోట ఇంకా జాగ్రత్తగా అడుగు. వాళ్లు ఆ ఊళ్లోనే బతకాలి.

సరేనన్నవి మీ ఊరి బడిలో ఒక కాపీ ఇవ్వు. ఒక సాయంత్రం స్పీకర్ పెట్టి వినిపించు. తాత గొంతు స్పీకర్‌లో విన్న పిల్లలు ఇంటికి పోయి ఇంకో ప్రశ్న అడుగుతారు. నువ్వు వదిలేసిన ప్రశ్న అదే కావచ్చు. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, అక్కడి వాళ్లతోనూ మాట్లాడుదాం. నేను నీ వెంట వస్తాను.

నా దగ్గర ఇంకా పద్నాలుగు కాసెట్లు ఉన్నాయి. టేప్ రికార్డర్ బాగు చేయించాను, స్పిరిట్‌తో హెడ్ కూడా తుడిచి పెట్టాను. వచ్చే ఆదివారం లాప్‌టాప్, దానికి కలిపే ఆడియో వైరు పట్టుకుని పొద్దున్నే రా. మొదట ఆ పదకొండు నిమిషాలు ఎక్కిద్దాం.

మీ సారు