విదేశీ కోటీశ్వరుడి గుర్రం గెలిస్తే వ్యాఖ్యాత దాన్ని తక్కువ చేసి మాట్లాడవచ్చా?

మాట్లాడకూడదు. ఆస్ట్రేలియాలో జరిగే గుర్రప్పందెం మెల్‌బోర్న్ కప్‌నే చూడండి. 3200 మీటర్ల ఆ పందెంలో సత్తా ఎక్కువని తేలిన గుర్రం ఎక్కువ బరువు మోయాలి. దుబాయ్ పాలకుడు షేక్ మొహమ్మద్ స్థాపించిన గుర్రప్పందేల సంస్థ గోడాల్ఫిన్ అక్కడ ఏళ్ల తరబడి ఓడి, 2018లో క్రాస్ కౌంటర్ అనే గుర్రంతో తొలిసారి నెగ్గింది. వెనుక నుంచి దూసుకొచ్చిన ఆ పరుగునూ, జాకీ కెరిన్ మెకెవోయ్ ఓర్పునూ వదిలేసి యజమాని సంపదనే తవ్వితే, అది చూసేవారికి చేసే అన్యాయం.

మా ఒంగోలు వైపు బండలాగుడు పోటీల్లో ఎడ్లను నోటి పళ్లను బట్టి, అంటే వయసును బట్టి, విభజిస్తారు. మైకు పట్టినవాడు ఏ ఊరి జత ఎన్ని అడుగులు లాగిందో చెబుతాడు. యజమాని పొరుగు జిల్లావాడైనా ఒక్క అడుగు తగ్గించడు.

మేలుజాతి గుర్రాలను కొనగల స్తోమత పైచేయి ఇస్తుంది, నిజమే. దాన్ని పందేనికి ముందు గట్టిగా చర్చించాలి, స్వదేశీ ధనవంతుల విషయంలోనూ.