సూది పరీక్ష చేయించుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. పెళ్లయి ఆరేళ్లయింది, ఉద్యోగాల వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఇంతకు ముందు రెండుసార్లు రెండో నెలలోనే గర్భం పోయింది. ఇప్పుడు 21 వారాలు నిండాయి. పది రోజుల కిందట బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేసి, బిడ్డ తలలో ఒక పక్క నీటి గది వెడల్పు 10.8 మిల్లీమీటర్లు ఉంది, 10 లోపు ఉండాలి అన్నారు. రక్త పరీక్షలు రాశారు. ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష గురించి ఆలోచించుకోమన్నారు. మూడు వారాలకు మళ్లీ స్కాన్‌కి రమ్మన్నారు. మా అత్తయ్య అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కుకున్నారు. "స్వామి ఇచ్చిన బిడ్డని స్వామే చూసుకుంటాడు, కడుపులో సూది గుచ్చించుకోవడమంటే ఆయన్ని నమ్మనట్టే" అంటున్నారు. మూడో నెలలో గ్రహణం రోజు నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాననీ, అందుకే ఇలా అయిందనీ కూడా అన్నారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. నాకు దేవుడంటే నమ్మకం. రోజూ దీపం పెడతాను. కానీ ఈ పది రోజులుగా దీపం ముందు కూర్చుంటే ఏడుపే వస్తోంది. నా ఏడుపు బిడ్డకు తగులుతుందేమో. నా నమ్మకం తక్కువైతే బిడ్డకు ఏమైనా అవుతుందేమో. ఏం చేయాలో చెప్పండి.
ఒక సోదరి, హైదరాబాద్

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో చివరి మాటల దగ్గర ఆగిపోయాను. మిల్లీమీటర్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ మాట వినండి. మీ నమ్మకం ఎంత ఉందో చూసి, దానికి తగ్గట్టు బిడ్డకు ఆరోగ్యం తూచి ఇచ్చే దేవుణ్ణి మీరు ఇన్నేళ్లూ కొలవలేదు. ఆరేళ్లు ఎదురుచూసి, రెండుసార్లు పోగొట్టుకుని, మూడోసారి కడుపులో బిడ్డ కదలడం మొదలయ్యే రోజుల్లో ఇలాంటి కబురు వింటే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ భయం బిడ్డ మీద ప్రేమ నుంచి వచ్చింది. అది భక్తి తగ్గినదానికి గుర్తని ఎవరు చెప్పినా నమ్మకండి.

దీపం ముందు ఏడుపు వస్తోందని రాశారు. నాకు అర్థమైనంతవరకు, ఆ ఇంట్లో మీరు ఏడవడానికి ఉన్న చోటు అదొక్కటే. అత్తయ్య ముందు ఏడిస్తే "నమ్మకం లేదా" అంటారు. మీ ఆయన ముందు ఏడిస్తే ఆయన ఇంకా బిగుసుకుపోతారు. ఆఫీసులో కుదరదు. ఇక మిగిలింది దేవుడి గది. అక్కడ ఏడవండి, తప్పు లేదు. తల్లి కన్నీళ్ల వల్ల బిడ్డ మెదడులో గదులు పెద్దవి కావు. కానీ రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా ఓర్చుకుంటూ కూర్చోకండి, మీ గైనకాలజిస్టుకు ఆ సంగతి కూడా చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు మనసు కుంగితే దానికీ వైద్యం ఉంది.

గ్రహణం మాట ఒకటి ఉంది. గ్రహణం పూట కడుపుతో ఉన్నవాళ్లు బయటికి రాకూడదని మన ఇళ్లలో ఎన్ని తరాల నుంచి చెప్పుకుంటున్నారో నాకు తెలుసు. మా ఇంట్లోనూ చెప్పేవాళ్లు. పుట్టిన బిడ్డకు పెదవి చీలి ఉంటే దానికి గ్రహణం మొర్రి అనే పేరే పెట్టారు. ఆ ఆచారం పాటించాలనుకునేవాళ్లు పాటించుకోవచ్చు. కానీ ఆ రోజు మీరు ఆలస్యంగా ఇంటికి రావడానికీ, స్కాన్‌లో కనిపించిన దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ గదులు కొంచెం పెద్దవిగా కనిపించడానికి తల్లికి సోకిన కొన్ని ఇన్ఫెక్షన్లు కారణం కావచ్చు, బిడ్డ క్రోమోజోముల్లో, అంటే తల్లిదండ్రుల లక్షణాలు బిడ్డకు మోసుకొచ్చే పోగుల్లో, తేడా కావచ్చు, నీరు పారే దారిలో అడ్డు కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు, బిడ్డ బాగానే పుడుతుంది. ముందు పోయిన రెండు గర్భాల గురించి కూడా మీరు మిమ్మల్నే నిందించుకుంటున్నారేమో అని నా అనుమానం. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. మీరు బరువెత్తినందుకో, బండెక్కినందుకో కాదు.

ఇక ఆ 10.8 దగ్గరికి వద్దాం. "తలలో నీరు" అనగానే మన కళ్ల ముందు పెద్ద తలతో పుట్టిన పిల్లల బొమ్మ వస్తుంది. మీకూ అదే వచ్చి ఉంటుంది. మన అందరి మెదడులోనూ నీరు తయారయ్యి, పారే గదులు ఉంటాయి. వాటిని వెంట్రికిల్స్ అంటారు. గర్భంలో ఆ గది వెడల్పు 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు. 10 నుంచి 12 వరకు తేలికపాటి తేడా. 13 నుంచి 15 మధ్యస్థం. 15 దాటితేనే తీవ్రం అంటారు. మీ బిడ్డది ముప్పావు మిల్లీమీటరు పైచిలుకు ఎక్కువ, బియ్యపు గింజ మందం కూడా ఉండదు. స్కాన్ చేసేవాళ్లు కొలత పెట్టే చోటు కాస్త జరిగినా ఆ మాత్రం తేడా వస్తుంది. అందుకే మళ్లీ రమ్మన్నారు. ఈ తేలికపాటి తేడా తప్ప బిడ్డలో ఇంకే లోపమూ లేదని మిగతా పరీక్షల్లో తేలితే, అలాంటి పిల్లల్లో నూటికి 90 మందికి పైగా మామూలుగానే ఎదుగుతారు.

ఆ వాక్యంలో "మిగతా పరీక్షల్లో తేలితే" అన్న మాట చాలా ముఖ్యం. పరీక్షలు ఎందుకన్నదానికి జవాబు అక్కడే ఉంది. రక్త పరీక్షలు సైటోమెగలో వైరస్, టాక్సోప్లాస్మా లాంటి ఇన్ఫెక్షన్ల కోసం. ఉమ్మనీటి పరీక్షను ఆమ్నియో అంటారు, అది బిడ్డ క్రోమోజోములు చూడటానికి. స్కాన్‌లో చూసుకుంటూ సన్నని సూదిని పొట్ట మీద నుంచి లోపలికి పంపి, బిడ్డకు తగలకుండా కొద్దిగా నీరు తీస్తారు. కొద్ది నిమిషాల పని. ఆ నీరు మళ్లీ ఊరుతుంది. ప్రమాదం అస్సలు లేదని నేను చెప్పను. దానివల్ల గర్భం పోయే అవకాశం, అలవాటున్న ఫీటల్ మెడిసిన్ డాక్టర్ (కడుపులో ఉన్న బిడ్డకు వైద్యం చూసేవాళ్లు) చేతిలో, రెండు వందల మందిలో ఒకరి కన్నా తక్కువ. రెండుసార్లు పోగొట్టుకున్న మీకు ఆ ఒక్కరూ చాలా పెద్దగా కనిపిస్తారు. అది సహజం. అందుకే చేయించుకోండి అనో, వద్దు అనో నేను చెప్పను. కొందరు తల్లులు తెలుసుకుంటేనే నిద్రపోగలరు. కొందరు "ఏం తేలినా నేను బిడ్డను కంటాను, రిస్కు వద్దు" అనుకుని, స్కాన్లు, బిడ్డ గుండెకు ఎకో, అవసరమైతే బిడ్డ మెదడుకు ఎంఆర్ఐ వరకే ఆగుతారు. రెండు దారుల్లోనూ మంచి తల్లులే ఉన్నారు.

కానీ ఆలోచించుకోవడానికి మూడు వారాలు తీసుకోకండి. ఆమ్నియోలో కొన్ని ఫలితాలు రెండు మూడు రోజుల్లో వచ్చినా, పూర్తి రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. మీకు ఇప్పటికే 21 వారాలు దాటాయి. మన దేశ చట్టంలో 24 వారాలు ఒక గీత. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని తేలితే 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. 24 దాటితే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. మీరు అడగని ఈ మాట ఎత్తడం నాకూ కష్టంగానే ఉంది. మీ విషయంలో అంత దూరం వెళ్లే సూచన ఏదీ మీరు రాసినదాంట్లో లేదు. అయినా తెలియక రోజులు దాటిపోయి, తర్వాత "ముందే ఎందుకు చెప్పలేదు" అని ఏడ్చినవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఈ వారంలోనే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ దగ్గర కూర్చుని, ఆమ్నియో కావాలో వద్దో తేల్చుకోండి. ఇలాంటి పరీక్షల ఫలితాలను విడమరిచి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ ఉంటే వాళ్లతోనూ మాట్లాడండి.

సంతకం ఎవరిదన్నదీ మీకు తెలియాలి. ఆమ్నియోకి గర్భవతి రాతపూర్వకంగా ఒప్పుకోవాలని చట్టం చెబుతుంది. అదీ ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంగ్లిషు కాగితం ముందు పెడితే తెలుగులో ఇవ్వమని అడగండి, అడిగే హక్కు మీకుంది. అత్తయ్య, భర్త, అమ్మ, ఎవరైనా సలహా చెప్పవచ్చు. ఒప్పుకోవాల్సింది మాత్రం మీరే.

మీ అత్తయ్య గురించి రాయడానికి ముందు కాసేపు ఆలోచించాను. ఆవిడ మిమ్మల్ని బాధపెట్టే మాటలు అన్నారు, గ్రహణం మాట మరీ అన్యాయం. కానీ ఆవిడా రెండుసార్లు మనవణ్ణో మనవరాలినో పోగొట్టుకున్నారు. స్కాన్ కాగితం మీద ఏం రాసి ఉందో ఆవిడకు ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు. ఆవిడ చేతిలో ఉన్నది మొక్కు ఒక్కటే, దాన్ని గట్టిగా పట్టుకున్నారు. ఎవరో సూది పేరెత్తగానే ఆ మొక్కును తీసి పారేస్తున్నట్టు అనిపించింది. మీరు ఆవిడతో వాదించకండి. ఈసారి డాక్టర్ దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లండి. స్కాన్ తెర మీద ఆ గదిని చూపించి, ఇంత వెడల్పు, ఇందుకు చూస్తున్నాం అని డాక్టర్ నోటితో చెప్పించండి. ఇంటికి వచ్చాక ఇలా అనండి: "అత్తయ్యా, మీ మొక్కు మొక్కే. బిడ్డతో కొండెక్కి వ్రతం చేసుకుందాం. మీకు మోకాళ్ల నొప్పి వస్తే మనం డాక్టర్ దగ్గరికి వెళ్తాం, అప్పుడు స్వామి కోప్పడ్డాడా? ఇదీ అంతే." మా అమ్మ ఆపరేషన్ గదిలోకి వెళ్లేటప్పుడు చేతికి తోరం కట్టుకుని వెళ్లింది. తోరం కట్టిన పూజారీ, కత్తి పట్టిన డాక్టరూ ఒకరికొకరు అడ్డమని ఆవిడకు ఎప్పుడూ అనిపించలేదు.

మీ ఆయన మౌనం మీకు ఇంకా ఎక్కువ నొప్పిగా ఉందని తెలుస్తోంది, ఒక్క వాక్యంతో సరిపెట్టారు కాబట్టి. మగవాళ్లలో చాలామందికి ఇలాంటప్పుడు మాట పెగలదు. తల్లికీ భార్యకీ మధ్య ఎటు మాట్లాడినా తప్పే అవుతుందని ఊరుకుంటారు. ఆయన్ని "ఏమైనా మాట్లాడండి" అని అడగకండి. ఒక పని అప్పగించండి. డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు రాసి పెట్టమనండి: రెండో వైపు గది మామూలుగానే ఉందా? మెదడులో మిగతా భాగాలన్నీ సరిగ్గా కనిపించాయా? ఆమ్నియో మీరే చేస్తారా, ఎన్ని చేశారు? మళ్లీ స్కాన్ చెప్పిన రోజు కన్నా కొంచెం ముందే చేయవచ్చా? ఆ కాగితం పట్టుకుని ఆయన మీ పక్కన కూర్చోవాలి. "అమ్మతో మీరే చెప్పాలి, నేను కాదు" అని కూడా చెప్పండి. ఆ ఒక్క మాట ఆయన చెబితే మీ ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు మీ దీపం దగ్గరికి మళ్లీ వస్తాను. నాకూ నమ్మకం ఉంది, అందుకే ఇంత చనువుగా రాస్తున్నాను. ఈ పది రోజులుగా మీ ప్రార్థన ఒక బేరంలా మారిపోయిందనుకుంటాను. ఇది చేస్తాను, అది ఇవ్వు. ఇన్ని ప్రదక్షిణలు చేస్తాను, 10.8ని 9 చెయ్యి. అలా అడగడం తప్పని నేను అనను, తల్లి అడక్క ఎవరు అడుగుతారు. కానీ లెక్క పెట్టి అడిగినప్పుడు ఒక రోజు ప్రదక్షిణ తప్పితే బిడ్డకేమవుతుందో అన్న భయం పట్టుకుంటుంది. కొన్నాళ్లు ఏమీ అడగకుండా కూర్చుని చూడండి. కోపం వస్తే కోపంగానే చెప్పుకోండి: "రెండుసార్లు తీసుకున్నావు, మళ్లీ నన్ను భయపెడుతున్నావు" అని. ఆయన వింటాడు. ఉపవాసాలు మాత్రం వద్దు. మీకిప్పుడు వేళకి తిండి, ఐరన్ మాత్ర, నిద్ర కావాలి. అన్ని మెట్లూ ఇప్పుడే ఎక్కనక్కర్లేదు, కొండ అక్కడే ఉంటుంది.

రేపు పరీక్షల్లో మనం కోరుకున్నట్టు రాకపోతే? ఆ ప్రశ్న మీరు రాయలేదు, రాత్రి రెండు గంటలకు మిమ్మల్ని లేపుతున్నది మాత్రం అదేనని తెలుసు. అప్పుడు కూడా మీరు ఒంటరి కారు. ఎదుగుదలలో వెనకబడే పిల్లలకు తొలి నెలల నుంచే ఫిజియోథెరపీ, మాటల శిక్షణ లాంటివి ఇస్తే చాలా తేడా కనిపిస్తుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వం ఏర్పాటు చేసిన జిల్లా స్థాయి కేంద్రాల్లో అవి ఉచితం. ఈ రాత్రికి ఇంతకన్నా ముందుకు ఆలోచించకండి. చేతిలో లేని రిపోర్టుకు ఇప్పుడే ఏడవనక్కర్లేదు.

సీమంతం గురించి మీరు అడగలేదు గానీ, చేసుకోవాలా వద్దా అని ఇంట్లో అప్పుడే గుసగుసలు మొదలై ఉంటాయి. చేసుకోండి. ఏడో నెలకు ముహూర్తం పెట్టించమని అత్తయ్యకే చెప్పండి, గాజులు ఆవిడనే కొననివ్వండి. బిడ్డ పుట్టకముందు బట్టలు కొనకూడదంటే కొనకండి, అందులో నష్టమేమీ లేదు.

బిడ్డకు 24, 25 వారాల దగ్గర నుంచి మీ గొంతు వినపడటం మొదలవుతుంది. ఇంకో మూడు నాలుగు వారాలే. ఆ సాయంత్రాల్లో దీపం పెట్టి మీకు వచ్చిన పాటేదో పాడండి, అత్తయ్యకు వచ్చింది ఆవిణ్ణి పాడమనండి. స్కాన్ అయ్యాక కొలత ఎంత వచ్చినా నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.