ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది?

అమ్మా, కొత్తపేట దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన ఉత్తరం చదివాను. ఇష్టంతో కథలు రాసుకునే మీరు రెండేళ్లుగా ఒక ఆడియో కథల కంపెనీకి సీరియల్ రాస్తున్నారు. ఇప్పుడు రాయడమంటేనే వెగటు పుడుతోందని, డబ్బుకు రాయడం మానేసి మునుపటిలా నా కోసమే రాసుకోనా అని అడిగారు.

ఆ ప్రశ్న పక్కన పెట్టండి. డబ్బు పుచ్చుకున్నంత మాత్రాన రాత చెడదు. మీ దగ్గరి కడియంలో పుట్టిన కవి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు, తిరుపతి శాస్త్రిగారితో కలిసి సంస్థానాలు తిరిగి, అవధానాలు చేసి సన్మానాలు అందుకున్నారు. ఆ జంట రాసిన పాండవ నాటకాల పద్యాలు మీ కోనసీమ తీర్థాల్లో ఇప్పటికీ రాగం తీసి పాడుతున్నారు.

మీ అసలు బాధ ఉత్తరం చివర్లో ఉంది. డబ్బు మీవారి ఖాతాలో పడుతుందని, కార్డు ఆయన జేబులోనే ఉంటుందని ఒక్క ముక్కలో చెప్పేసి దాటిపోయారు. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర పడిపోతే చాలు, ‘ఈ వారం ఇంకో నాలుగు ఎపిసోడ్లు లాగించు’ అంటారట. మీరేమో అంట్లు తోముకుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుని రాత్రి పదకొండింటికి కూర్చుంటారు. పిల్లకు గౌను కొనాలన్నా ఆయన్ని అడగాలి. ఇన్నేళ్లలో ఆయన మీ కథ ఒక్కటీ చదవలేదు. వెగటు పుట్టక ఏమవుతుంది?

ఇల్లు గడవడానికి భార్య సంపాదన వాడడం తప్పనను. కష్టకాలంలో ఇద్దరూ మొయ్యాల్సిందే. కానీ సంపాదించిన మనిషే చెయ్యి చాచడం నాకు మింగుడు పడదు. స్త్రీ తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించిన ఆస్తి మీద పూర్తి హక్కు ఆమెదేనని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. కోర్టుకెక్కమని కాదు, అడగడానికి జంకొద్దని చెబుతున్నాను.

మీ పేర బ్యాంకు ఖాతా తెరిచి ఆ నంబరు కంపెనీకి ఇవ్వండి. ఒప్పంద పత్రం బయటికి తీసి సంతకం ఎవరిదో, కథ హక్కులు ఎవరికి రాసిచ్చారో చూడండి. ఈ సంగతి ఆయనకు మీ నోటితో మీరే చెప్పండి, అత్తగారి చేత చెప్పించొద్దు. ఇంటి ఖర్చుకు నెలకింతని మీ చేత్తో ఇవ్వండి. వారానికి ఎన్ని ఎపిసోడ్లు రాయగలరో కూడా ఇక మీరే చెప్పాలి. ఆయన రెండ్రోజులు అలుగుతారు, అలగనివ్వండి. వేళకు అన్నం పెట్టండి, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకండి.

ఆరు నెలలు ఇలా నడిచాక కూడా వెగటు పోకపోతే, అప్పుడు సీరియల్ మానడం గురించి మళ్లీ రాయండి.