నాలుగు డ్రమ్ముల నీరు ఎందుకు చాలలేదు

లంబసింగి దగ్గర 100 చదరపు మీటర్ల పాలీహౌస్‌లో (పాలిథిన్ కప్పిన పంట గదిలో) నాలుగు నీటి డ్రమ్ములు ఉంచినా తెల్లవారుజామున లోపల కూడా బయటి చలే ఉంటోందని, క్యాప్సికం నారు ఎదగడం లేదని మీరు రాశారు. పగటి ఎండ వేడిని నీటిలో దాచి రాత్రికి వాడుకోవాలన్న మీ ఆలోచన సరైనదేనండీ, నీరే చాలలేదు.

ఒక డ్రమ్ములోని 200 లీటర్ల నీరు 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 2.3 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి వస్తుంది. మీ పైకప్పు, పక్కలు కలిపి 200 చదరపు మీటర్ల ఒంటిపొర పాలిథిన్ ఉందనుకుంటే, లోపల 5 డిగ్రీలు ఎక్కువగా నిలపడానికి పది గంటల రాత్రికి దాదాపు 60 యూనిట్లు కావాలి. అంటే పాతిక డ్రమ్ములకు పైనే!

అందువల్ల ముందు వేడి పోయే దారిని మూయాలి. మామూలు పాలిథిన్ గుండా నేల వేడి మబ్బులేని ఆకాశంలోకి నేరుగా వెళ్ళిపోతుంది కనుక, పొద్దు వాలకముందే పక్కతెరలు దించి, మొక్కల పైన లోపలి తెర కప్పండి. ఇది చేయకుండా డ్రమ్ములు పెంచడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

తరువాత డ్రమ్ములను ఉత్తరపు గోడ వెంబడి, మధ్య బెత్తెడు సందు వదిలి పేర్చి, దక్షిణం వైపు ముఖానికి నల్లరంగు వేయండి. చలికాలపు ఎండ ఏటవాలుగా అక్కడే పడుతుంది. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి డ్రమ్ములో థర్మామీటరు ముంచి చూడండి. తేడా 5 డిగ్రీలైనా లేకపోతే ఎండ అందడం లేదని అర్థం, అప్పుడు ఇంకో డ్రమ్ము కొనకండి, చోటు మార్చండి.

రాళ్లు వాడవచ్చా అని కూడా అడిగారు. రాళ్ల కుప్ప అదే చోటులో నీరు దాచే వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే దాస్తుంది.