కరెంటు షాక్‌తో దెబ్బతిన్న చేతిని ఫ్లాప్ సర్జరీ ఎలా కాపాడుతుంది?

చర్మంపై చిన్న మచ్చే ఉన్నా చెయ్యి తీసేయాల్సి రావచ్చని డాక్టర్లు ఎందుకంటారు, ఫ్లాప్ (ఒంట్లో మరో చోటి నుంచి తెచ్చి కప్పే చర్మం, దాని కింది కణజాలం) వేస్తే చెయ్యి ఎలా నిలుస్తుంది అన్నది ప్రశ్న.

1000 వోల్టులు దాటిన విద్యుత్తు ఒంట్లోంచి పారినప్పుడు, ఎక్కువ నిరోధం గల ఎముక బాగా వేడెక్కి, దాన్ని అంటిపెట్టుకున్న కండరాలను లోలోపలే ఉడికించేస్తుంది. కాబట్టి పైకి కనిపించే గాయాన్ని బట్టి నష్టాన్ని అంచనా వేయడం పొరపాటు. సన్నగా ఉండే మణికట్టు దగ్గర నష్టం మరీ ఎక్కువ. ముందుగా, వాపు ఒత్తిడికి రక్తప్రసరణ ఆగిపోకుండా కండరాల పైపొరను నిలువునా కోసి వదులు చేస్తారు. తరువాత చచ్చిన కండరాన్ని విడతలుగా తొలగిస్తారు. కోస్తే రక్తం రాని, గిల్లితే ముడుచుకోని కండరం బతికి లేనట్టే.

అప్పుడు ఎముకలు, స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాళ్లు) బయటపడతాయి. గ్రాఫ్ట్, అంటే రక్తనాళాలు లేకుండా తెచ్చి అతికించే పలుచని చర్మపు పొర, బతకడానికి కింద రక్తం అందించే కణజాలం ఉండాలి కనుక, పైపొర పోయిన ఎముకపై అది అతకదు. ఫ్లాప్ మాత్రం తన రక్తనాళాలతో సహా వస్తుంది. 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ అనే సర్జన్లు వివరించిన గజ్జ ఫ్లాప్‌లో, చేతిని సుమారు మూడు వారాలు గజ్జకు కుట్టి ఉంచి, కొత్త నాళాలు పెరిగాక విడదీస్తారు. రోగికి నరకమే గానీ, నమ్మదగిన పద్ధతి. తొడ నుంచో వీపు నుంచో పూర్తిగా వేరుచేసి తెచ్చే ఫ్రీ ఫ్లాప్‌లో నాళాలను మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కలుపుతారు. చిక్కల్లా ఏమిటంటే, కరెంటు పారిన ధమని పైకి బాగానే కనిపించినా లోపలి పొర దెబ్బతిని అందులో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే గాయానికి దూరంగా, ఆరోగ్యంగా ఉన్న చోట కలుపుతారు.