ఛాతీలో ట్యూబ్ ఉన్న తమ్ముడి పక్కన ఉండేటప్పుడు

చిరంజీవి శ్రీనివాస్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

తమ్ముడికి లంగ్ కొలాప్స్ అయిందని విన్నప్పటి నుంచి మీ అమ్మ అన్నం ముట్టడం లేదట. ఛాతీ వార్డులో నర్సుగా పనిచేసిన దాన్ని కనుక, దగ్గరుండి చూసుకునే నీకు తెలియవలసినవి రాస్తున్నాను.

ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్యలోకి గాలి చేరితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. పొడవుగా, బక్కపలచగా ఉండే యువకులలో ఏ దెబ్బా తగలకుండానే, ఊపిరితిత్తి పైభాగాన ఉన్న చిన్న గాలితిత్తి పగిలి ఇలా జరుగుతుంటుంది. సిగరెట్ అలవాటు ఈ ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. గాలి కొద్దిగానే ఉండి ఆయాసం లేకపోతే, అది దానంతటదే ఇంకిపోయేదాకా ఎక్స్‌రేలు తీస్తూ గమనిస్తారు. కొందరికి సూదితో లాగేస్తారు. తమ్ముడికి ఆయాసం ఎక్కువగా ఉన్నందున పక్కటెముకల మధ్య నుంచి ట్యూబ్ వేశారు.

ఇక నీ కన్ను ఆ ట్యూబ్‌కు కలిపిన నీళ్ల సీసా మీదే ఉండాలి. గొట్టం కొస నీటిలో మునిగి ఉంటుంది కనుక లోపలి గాలి బయటికి పోతుందే గాని, బయటి గాలి లోపలికి రాదు. ఊపిరితో పాటు గొట్టంలో నీరు పైకీ కిందికీ ఆడుతుంటే ట్యూబ్ తెరుచుకునే ఉందని, బుడగలు వస్తుంటే లోపలి నుంచి గాలి ఇంకా వస్తోందని అర్థం. నీరు ఆడడం ఆగితే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉండవచ్చు, లేదా గొట్టం మడతపడి ఉండవచ్చు. అది నువ్వు తేల్చబోకు, వెంటనే సిస్టర్‌ను పిలువు. బాత్రూంకు నడిపించేటప్పుడు సీసాను ఎప్పుడూ ఛాతీ కంటే బాగా కిందనే పట్టుకో, లేకుంటే నీరు వెనక్కి ఛాతీలోకి పోగలదు. బుడగలు వస్తుండగా గొట్టాన్ని నొక్కి మూయనివ్వకు. గాలి లోపలే పేరుకుని గుండెను కూడా నొక్కేసి ప్రాణం మీదికి తెస్తుంది. హఠాత్తుగా ఆయాసం పెరిగినా, పెదవులు నీలంగా మారినా క్షణం ఆగవద్దు.

నొప్పి మందు అడిగి ఇప్పించు. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసేవారు కోలుకోవడం ఆలస్యమవుతుంది.

ఇది మళ్లీ వచ్చే అవకాశం మొదటి ఏడాదిలో ఎక్కువ. అలా వస్తే, చిన్న రంధ్రాల ద్వారా ఆ గాలితిత్తులను తొలగించి, ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కునేలా చేసే ఆపరేషన్ ఉంది. డాక్టర్లు ఆ మాటంటే భయపడి వాయిదా వేయకండి. ఎక్స్‌రేలో పూర్తిగా తగ్గిందని తేలాక కూడా కనీసం వారం దాటి, డాక్టర్ సరేనన్న తర్వాతే విమానం ఎక్కాలి. సిగరెట్ మాత్రం ఈ రోజుతోనే ఆపించు, ఇందులో మొహమాటం వద్దు.

డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు జాగ్రత్తగా దాచు. మళ్లీ ఛాతీలో ఒక పక్క పోటు వచ్చి ఊపిరి అందకపోతే వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లి, వాటిని డాక్టర్ చేతికిచ్చి, ఇంతకుముందు ఏ పక్క ట్యూబ్ వేశారో అన్నిటికన్నా ముందు చెప్పు.

మీ పెద్దమ్మ