తాళ్లతో ముడుల లెక్కలు

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో గణితంలోని ముడులు చేయించాలని ఉంది మేడమ్. పురికొస చిక్కుపడిపోతోంది. ఏం వాడాలి? – ఒక లెక్కల టీచర్

జవాబు: చిటికెనవేలు లావున్న మెత్తటి నూలు తాడు తీసుకోండి, మనిషికో మీటరు. నైలాన్ జారిపోతుంది. మామూలు ముడి వదులుగా వేయించి, రెండు కొసలూ ఎదురెదురుగా ఆనించి ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టించండి. కొసలు కలపందే గణితంలో అది ముడి కాదు, ఈ పని మాత్రం ఎంత టైమ్ పట్టినా పిల్లల చేతే చేయించాలి. ఇలా కొసలు కలిపిన మామూలు ముడినే ట్రెఫాయిల్ అంటారు. బల్ల మీద సర్ది పరిస్తే తాడు మీద తాడు మూడుచోట్ల దాటుతుంది.

తర్వాత దాని బొమ్మ గీయించండి. తాడు కిందుగా వెళ్లేచోట గీత తెగాలి. మూడు గీతలొస్తాయి, మూడు రంగుల సుద్దలతో దిద్దించండి. ప్రతి దాటు దగ్గరా మూడు రంగులూ కలుస్తాయి. దాటు దగ్గర మూడూ వేరు, లేదా మూడూ ఒకటే అన్న నియమంతో ఉత్త వలయాన్ని ఎంత మెలిపెట్టి గీసినా ఒక్క రంగే పడుతుంది. కాబట్టి కొయ్యకుండా ట్రెఫాయిల్ విడిపోదు. ఈ రుజువు ఎనిమిదో తరగతికి హాయిగా అందుతుందండీ.